దొర గుచ్చిన పార

యోహాను పండుగ మర్నాడు

మఠం వదిలి వచ్చేటప్పుడు అక్కడి పెద్దమ్మగారు ఇచ్చిన తోలు ఆకులు పదకొండు మిగిలాయి. వాటి మీది పాత కీర్తనలు గీకేశాను, దేవుడు క్షమించాలి. "మనుషుల దగ్గర అబద్ధమాడినా తోలు మీద ఆడకు ఫోల్కా" అనేది ఆవిడ. సరే, చూద్దాం.

ఈ రోజు దొర గుమాస్తా హార్ట్‌మాన్ వచ్చాడు. గుర్రం కూడా దిగలేదు. నవంబరులో మార్టిన్ పండుగ నాటికి ఇల్లూ కొట్టమూ ఖాళీ చెయ్యాలట. దక్షిణాన్నుంచి ఎవరినో తెచ్చి ఈ పొలంలో పెడతారట.

"మరి ఆవులు?" అన్నాను.

"ఆవులు దొరవి. నువ్వు పాలు పిండేదానివి, అంతే."

అది నిజమే. ఇల్లు మా తాత కట్టాడు. ఇల్లున్న దిబ్బ ఆయన తాత పోశాడు. అయినా రెండేళ్ళుగా అన్నీ మా ఫ్రీజియా సీమను ఏలే కౌంటు గెర్లాక్ దొరవే. అంతా మా తమ్ముడు వోబ్బే నిర్వాకం. కొండల అవతల ఎక్కడో చక్రవర్తి యుద్ధం చేస్తుంటే, దొర మా మగవాళ్ళను పడవలు ఎక్కమన్నాడు. వోబ్బే ఒడ్డునే నిలబడ్డాడు. "ఫ్రీజియా వాడు ఆటుతో వెళ్ళి పోటుతో ఇంటికి రావాలి. అంతకు మించి ఒక్కడుగు వెయ్యను. నేను పోతే కరకట్ట ఎవడు కాస్తాడు, నీ చక్రవర్తా?" అన్నాడు. అది మా తాతముత్తాతల నాటి చట్టం, పసిపిల్లను అడిగినా చెబుతుంది. కానీ చట్టం మాది, కత్తి దొరది. పొలం పోయింది. వోబ్బే కనిపిస్తే పట్టుకోమని చాటింపు వేశారు. వాడు ఆటు నీళ్ళ మీద పడవ తోసుకుని తూర్పుకు పోయాడు.

వాడి గురించి ఆలోచించడం నేను ఎప్పుడో మానేశాను. ఇల్లు పోతుందన్నా నాకేం పట్టలేదు. మఠానికి తిరిగి వెళ్ళిపోతాను, అక్కడ నేల గట్టిగా ఉంటుంది.

మూడు రోజుల తరువాత

వాన. బూడిదావు ఈనింది. కోడెదూడ. దొరగారికి శుభాకాంక్షలు.

జులై, మొదటి ఆదివారం

ఆవు కనబడకపోతే వెతుక్కుంటూ కరకట్ట మీదకు వెళ్ళాను. చేతిలో పార ఉంది. ఉంటే ఉంది.

మా వాటా నలభై బారలు. ఎవరి పొలానికి తగ్గ వాటా వాళ్ళది, ఎవరి వాటా వాళ్ళే కట్టుకోవాలి. ఇప్పుడు పొలం దొరది కాబట్టి కట్టా దొరదే. రెండు శీతాకాలాలుగా ఒక్క పెళ్ళ మట్టి కూడా వెయ్యలేదు. ఎలుకలు తొలిచేశాయి. సముద్రం వైపు పచ్చిక చర్మం ఊడినట్టు ఊడిపోయింది. గట్టిగా ఒక్క తుఫాను వచ్చిందంటే మా వాటాలోనే గండి పడుతుంది, మూడు ఊళ్ళు మునుగుతాయి.

పక్క వాటా హారింగ్‌ది. భార్య పోయి నాలుగేళ్ళయింది, నోరు మాత్రం పోలేదు.

"ఏం ఫోల్కా, దొరగారి కట్టకు వెట్టి చేస్తున్నావా?"

"ఆవును వెతుకుతున్నా."

"ఎలక బొక్కలోనా?"

"దూడ చిన్నది" అన్నాను.

పడీ పడీ నవ్వాడు. అసలు వాడి పొలం వాడి తాతకు కరకట్ట మీదే దొరికింది. వాటా కట్టలేనివాడు పార కట్ట నెత్తిన గుచ్చి, వెనక్కి చూడకుండా పోవాలి. నా వల్ల కాదు, నా భూమి వదిలేశాను అని దానర్థం. ఆ పారను ఎవరు పెరికితే వాళ్ళదే ఆ పొలం, ఆ ఇల్లు, కొట్టంలోని గొడ్లు, ఆ కట్ట బరువు. హారింగ్ తాత అలా ఒకటి పెరికాడు. అందుకే మా ఊరి పిల్లలు ఆటలో కూడా కట్ట మీద పార నిలబెట్టరు. ఆరేళ్ళప్పుడు తెలియక నేను నిలబెడితే మా అమ్మ వీపు చీరేసింది.

ఆవు కొట్టంలోనే ఉంది.

యాకోబు పండుగ

ఊరంతా కోడై కూస్తోంది, దొర వస్తున్నాడట. వెంట బిషప్పు మనిషి ఆల్బేరో గురువుగారు కూడా.

మా న్యాయం నోటికి చెప్పే పెద్ద ఎప్పో తాత కబురంతా విప్పి చెప్పాడు. ఫ్రీజియా ఏలుబడి తనకే రావాలని బిషప్పు పట్టు. చక్రవర్తి ఆయన్ని కాదని గెర్లాక్‌ను కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి దొర చేసే ఒక్క తప్పు కోసం బిషప్పు కాచుకుని కూర్చున్నాడు. ఆల్బేరో పని అదే. దొర ఎక్కడికి వెళ్తే అక్కడికి కలమూ తోలూ పట్టుకుని వెళ్తాడు.

"పిల్లీ పిల్లీ కొట్టుకుంటే ఎలక్కేం లాభం తాతా?" అన్నాను.

"ఎలక్కి తీరిక దొరుకుద్దే" అన్నాడు.

పేతురు సంకెళ్ళ పండుగ

ఇవాళ జరిగింది రాసి తీరాలి.

పొద్దున దొర కరకట్ట చూడటానికి వచ్చాడు. ఊరి మగవాళ్ళంతా పైన నిలబడ్డారు. నేనూ ఉన్నాను. ఆవును వెతకడానికి.

ఎప్పో తాత మా వాటా చూపించి అడిగేశాడు. "దొరగారూ, ఇది తమరి కట్ట. శీతాకాలం ఆగేలా లేదు. ఏం చేస్తారు?"

దొరకు నా వయసే ఉంటుంది, నలభై. ఎర్రగడ్డం. వెనకే ఆల్బేరో కలం తీశాడు. అది చూసి దొర గుర్రం మీంచి దూకాడు. "దొరలు మట్టి ముట్టరనుకున్నారా?" అని, గబగబా వచ్చి నా చేతిలోంచి పార లాక్కున్నాడు. ఒక పెళ్ళ తవ్వాడు. ఎలుక బొక్క మీద పెట్టాడు. కాలితో తొక్కాడు. "ఇదిగో, మొదలైంది! మిగతాది నా మనుషులు చూస్తారు" అని నవ్వి, పారను కట్ట నెత్తిన కసుక్కున గుచ్చాడు. చేతులు దులుపుకుని, ఎండుచేప వాసన వస్తున్న వైపు నడిచాడు.

వెనక్కి చూడలేదు.

హారింగ్ టోపీ తీశాడు. పార అలా నిలబడి ఉంది. గాలికి దాని కర్ర కొద్దిగా ఊగుతోంది. నా పారే. కర్ర మీద వోబ్బే చెక్కిన చేప బొమ్మ ఇటువైపే ఉంది.

నేను వెళ్ళి పెరికాను.

నా పార నేను తీసుకున్నాను, అంతే అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను. కానీ ఎప్పో తాత గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా అడిగాడు.

"ఫోల్కా. నువ్వు పార తీసుకున్నావా, పొలం తీసుకున్నావా?"

ఇంటికి పరుగెత్తాలనిపించింది. మఠం గోడలు, గట్టి నేల గుర్తొచ్చాయి.

"రెండూ" అన్నాను.

మర్నాడు

ఏం చేశాను నేను.

ఆగస్టు, మూడో రోజు

హార్ట్‌మాన్ ఈసారి గుర్రం దిగాడు. దిగి మరీ తిట్టాడు.

"మట్టి అంటిన పార పట్టుకుని మహారాణివైపోయావా? ఆయనకు మీ పిచ్చి ఆచారాలు తెలియవు. తెలియక చేసింది చెల్లదు."

"అదేదో న్యాయసభలో చెప్పించండి" అన్నాను. గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు.

మరియమ్మ పండుగ తరువాత సభ. ఊళ్ళో ఆడవాళ్ళు నాకు వెన్న తెచ్చి ఇస్తున్నారు, ఇంట్లో శవం ఉన్నట్టు. హారింగ్ మాత్రం వచ్చి, "నలభై బారలు ఒక్కదానివే ఎలా కడతావే? కనీసం ఆవునైనా సాయం పిలుచుకో" అన్నాడు. వాణ్ణి తిట్టాను. తిట్టాక కాస్త ధైర్యం వచ్చింది.

లారెన్సు పండుగ

ఆల్బేరో గురువుగారు ఇంటికి వచ్చారు. మెత్తటి మనిషి, మెత్తటి చేతులు. రొట్టె మీద నా వెన్న రాసుకుని, కళ్ళు మూసుకుని తిన్నారు.

"చదువుకున్నదానివి. నీకు రెండు ముక్కలు చెబితే చాలు" అన్నారు. "గెర్లాక్ గద్దె ఎక్కిన రోజు మీ చట్టమంతా తెలుసని, దాన్ని కాపాడతానని ప్రమాణం చేశాడు. సభలో నువ్వు జరిగింది చెప్పు చాలు. నవ్వాడు, గుచ్చాడు, పోయాడు, దానర్థం ఆయనకు తెలియదు అని. చట్టం తెలియనివాడు ఇక్కడ కౌంటుగా ఎలా ఉంటాడు? మిగతాది నేను చక్రవర్తికి రాస్తాను."

"మరి నా పొలం?"

"బిషప్పుగారు ఇస్తారు. ముద్ర వేసి ఇస్తారు. అబద్ధమేమీ ఆడమనట్లేదమ్మా. నిజమే చెప్పమంటున్నా."

అదే నన్ను తినేస్తోంది. ఆయన చెప్పింది నిజమే. దొర ముఖం నేను చూశాను, దూడకున్నంత తెలివి కూడా లేదు ఆ నిమిషంలో. నిజం చెబితే పొలం వస్తుంది. ఇంతకంటే తేలిక ఏముంది?

అదే రోజు, తరువాత

తేలిక కాదు. దొరకు తెలియదని నేనంటే, ఆ పార వట్టి పార అయిపోతుంది. పొలం పారతో నాకు రాదు, బిషప్పు దయతో వస్తుంది. దయ చూపినవాడు రేపు కోపం కూడా చూపుతాడు. ముద్ర వేసిన చేతికి చెరపడం ఎంతసేపు? పార ఇచ్చిన పొలాన్ని ఒక్క సముద్రమే తీసుకోగలదు, అదీ నేను బద్ధకిస్తేనే.

కానీ దొరకు తెలుసని కూడా చెప్పలేను. అది అబద్ధం.

మరియమ్మ పండుగ

గుడిలో ఏం పాడారో గుర్తు లేదు.

సభ రోజు

సభ దిబ్బ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. దొర ఎత్తు బల్ల మీద, ఆల్బేరో పక్కన, ఎప్పో తాత మధ్యలో. నా పార గడ్డి మీద పడుకోబెట్టారు, అదే నేరస్తుడైనట్టు.

చూసిన ఏడుగురు చూసింది చెప్పారు. అప్పుడు ఆల్బేరో లేచాడు. "ఈ ఆడమనిషి అందరికంటే దగ్గరగా ఉంది. చెప్పమ్మా, దొరగారికి ఆ చేతకు అర్థం తెలుసా, తెలియదా?" అని కలం సిరాలో ముంచాడు.

దొర నా వైపు చూశాడు. ఆ ముఖంలో నవ్వు లేదు. ఈపాటికి ఎవరో ఆయనకు అంతా వివరించి ఉంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెలుసంటే పొలం పోతుంది, తెలియదంటే గద్దె పోతుంది.

"గురువుగారూ, ఆయన మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది?" అన్నాను. "ఇదే దిబ్బ మీద, పునీతుల పవిత్ర ఎముకల మీద చెయ్యి పెట్టి, మీ చట్టం నాకు తెలుసు అని ఆయన ప్రమాణం చేస్తుంటే విన్నాను. ప్రమాణం చేసిన మనిషి ఎదురుగానే కూర్చున్నారు. ఆయన్నే అడగండి."

జనంలో ఎవరో ఈల వేశారు. హారింగే అయ్యుంటాడు.

ఎప్పో తాత చట్టం ప్రకారం మూడుసార్లు అడిగాడు. "గెర్లాక్ దొరగారూ, పార గుచ్చితే ఏమవుతుందో తెలిసే గుచ్చారా?"

మొదటిసారి దొర గడ్డి మీది పార వైపు చూశాడు. రెండోసారి గడ్డం నిమురుకున్నాడు. ఆల్బేరో కలం చివర సిరా చుక్క వేలాడుతోంది. నేను దాన్నే చూస్తున్నాను. దొర కూడా దాన్నే చూస్తున్నాడు.

మూడోసారి లేచి నిలబడ్డాడు.

"తెలుసు" అన్నాడు. "నా చేత్తో, నా ఇష్టంతో గుచ్చాను. మీ కౌంటుకు మీ చట్టం తెలియదని ఎవడైనా రాయదలిస్తే, రాసుకోమనండి."

సిరా చుక్క తోలు మీద పడింది. ఆల్బేరో కలం తుడుచుకుని దాచేశాడు. ఒక్కసారిగా ఎంత అరుపు! నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను, సిగ్గుపడలేదు.

ఎప్పో తాత నాకూ చెప్పాల్సింది చెప్పాడు. మార్టిన్ పండుగ లోపు నలభై బారలూ గట్టిపడాలి. లేకపోతే నేనూ పార గుచ్చి పోవాల్సిందే.

వెళ్తూ వెళ్తూ దొర నా దగ్గర గుర్రం ఆపాడు.

"నీ తమ్ముడే కదా పడవ ఎక్కనన్నది? ఎక్కడున్నాడు?"

"ఆటుతో వెళ్ళాడు దొరగారూ."

గుర్రాన్ని సముద్రం వైపు తిప్పాడు. "చట్టం తెలుసని ఇంతమందిలో ఒప్పుకున్నాక, అందులో సగం మాత్రమే తెలుసంటే బాగోదు. పోటుతో వస్తే నా మనుషులు అడ్డం రారు" అన్నాడు.

దణ్ణం పెట్టడం కూడా మర్చిపోయాను.

సెప్టెంబరు, రెండో వారం

మూడు వారాల్లో నాలుగు బారలు. వేళ్ళు ముడవలేకపోతున్నాను. ఈ లెక్కన వచ్చే వసంతానికి గానీ అవదు. ఎవరి కోతలు వాళ్ళవి, ఎవరి కట్ట వాళ్ళది. ఎవరినీ తప్పుపట్టను.

తప్పుపడుతున్నాను.

మిఖాయేలు పండుగ

పొద్దున కట్ట మీదకు వెళ్ళేసరికి హారింగ్ తన ఎడ్లతో మట్టి బండి తోలుకొస్తున్నాడు.

"నీ వాటా అటు కదా?" అన్నాను.

"ఆవును వెతుకుతున్నా" అన్నాడు, చాలా గంభీరంగా.

"నీకు ఆవులెక్కడివి, ఉన్నవన్నీ ఎడ్లే!"

"అందుకే కనబడట్లేదు" అన్నాడు.

మధ్యాహ్నానికి వాడి చెల్లెలు, బావ పచ్చిక పెళ్ళలు మోసుకుంటూ వచ్చారు. వాళ్ళ ఆవు కూడా తప్పిపోయిందట.

అక్టోబరు

ఎన్నో రోజో తెలియదు. ఊళ్ళో ఒక్క ఆవు కూడా కొట్టంలో లేదన్నమాట. ఈ రోజు పంతొమ్మిది మంది వెతికారు. ఎప్పో తాత కుర్చీ వేయించుకుని కట్ట మీద కూర్చున్నాడు, తన ఆవు ఇటు వస్తే చెప్పడానికట. బీరు రెండు పీపాలు అయిపోయాయి. ముప్పై ఒక్క బారలు.

హారింగ్ నవ్వితే ఎడమ కంటి దగ్గర ముడత పడుతుంది. ఈ విషయానికి తోలు ఎందుకు ఖర్చు పెట్టానో తెలియదు.

సకల పునీతుల పండుగకు నాలుగు రోజుల ముందు

నలభై.

సకల పునీతుల పండుగ మర్నాడు

నిన్న పొద్దున్నే వాయవ్యం గాలి లేచింది. పోటు రావలసిన ఎత్తుకు వచ్చి ఆగలేదు. నడుములోతు, భుజంలోతు, తరువాత కట్ట నెత్తి మీదే నురుగు. అందరం కట్ట మీదే ఉన్నాం, గడ్డి మోపులూ చాపలూ పట్టుకుని. హారింగ్ వాటాలో ఒక పెళ్ళ జారితే పదిమంది దాని మీద పడుకున్నారు. నా వాటాలో నేను అడుగడుగూ తొక్కుతూ నడిచాను. ప్రార్థన చేశానని రాయాలి. కానీ నేను పైకి అన్నది "ఆగు, ఆగు, ఆగవే తల్లీ" అని మాత్రమే. కట్టతో అన్నానో సముద్రంతో అన్నానో తెలియదు.

మధ్యాహ్నం తరువాత నీళ్ళు వెనక్కి తిరిగాయి.

నిలబడింది. నలభై బారలూ నిలబడ్డాయి. దొర పెట్టిన పెళ్ళ కూడా ఉంది. దాన్ని నేను తీయించలేదు, ఎలుక బొక్కకు బాగానే సరిపోయింది.

మార్టిన్ పండుగ

ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన రోజు. పొయ్యిలో నిప్పు ఉంది. బూడిదావు నాది. కోడెదూడ నాది. ఎప్పో తాత కట్టంతా నడిచి చూసి, ఒక్కచోట కూడా ఆగకుండా తిరిగి వచ్చాడు. మా ఊళ్ళో అంతకు మించిన మెప్పు లేదు.

ఇంతలో ఉప్పు పడవ వాడు వచ్చాడు. తూర్పున ఏటి మొగ దగ్గర ఒకడు తనను ఆపి అడిగాడట. ఫోల్కా అనే ఆవిడ కరకట్ట నిలబడిందా అని. నిలబడింది, దొర మనుషులు కూడా అడ్డం రారంటే, "అయితే నేనూ పడవ దించుతా" అన్నాడట. అది జరిగి నాలుగు రోజులు.

హారింగ్ గుమ్మంలో నిలబడి, "పోటు ఎక్కుతోంది ఫోల్కా, ఏదో తెరచాప కనబడుతోంది. ఎవరిదో తెలియదు. వస్తావా?" అంటున్నాడు. ఒక్క నిమిషం ఆగమన్నాను, ఇది రాయాలని.

వాడి గురించి ఆలోచించడం మానేశానని మొదటి ఆకు మీద రాశాను. అది అబద్ధం పెద్దమ్మగారూ. రెండేళ్ళుగా ప్రతి పోటుకూ చెవి అటే వేసి ఉంచాను.

ఆవులన్నీ కొట్టంలోనే ఉన్నాయి. నేను తమ్ముడి కోసం వెళ్తున్నాను.